మూడో నంబరు కంప్యూటర్‌లో మా ఊరు

వెబ్ పేజీ వెనక ఏముంటుందో మొదటిసారి చూసిన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మాట వరసకు చెప్పడం లేదు, నిజంగానే లేచి నిలబడ్డాను. చేవెళ్ల బస్టాండు దగ్గరి ఆ ఇంటర్నెట్ సెంటర్ ఇరుకు గది. నా కుర్చీ వెళ్లి వెనకాయన కుర్చీకి కొట్టుకుంది. సెంటర్ నడిపే అన్న కౌంటర్ వదిలి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది చెల్లె, కరెంటు గిట్ల కొట్టిందా?"

"అన్నా, ఇగో చూడు, లోపలిదంత కనిపిస్తున్నది!"

జరిగింది ఇంతే. ఎక్కడో విదేశంలో ఒకావిడ తన గులాబీ తోట గురించి పెట్టుకున్న పేజీ చూస్తున్నాను. మౌసు కుడి బటన్ నొక్కితే చిన్న జాబితా వచ్చింది. అందులో 'వ్యూ సోర్స్' అని ఉంటే, ఏమవుతుందో చూద్దామని నొక్కాను. టక్కున నోట్‌ప్యాడ్ తెరుచుకుంది. ఆ పేజీని ఎలా కట్టారో మొత్తం అందులో ఉంది. ఇక్కడ ఫోటో పెట్టు, ఈ మాట ఎర్రగా రాయి, అక్కడ గీత గీయి అని కంప్యూటర్‌కు వరసగా చెప్పిన మాటలు. దాచలేదు, తాళం వేయలేదు, నువ్వెవరని అడగలేదు. ఇంత పని చేసి ఇలా ఎవరైనా చూసుకోండని వదిలేస్తారా అని నా ఒళ్లంతా ఒకటే పులకరింత. అన్నకు మాత్రం అదేమీ పట్టలేదు. "గిదేం భాష? నేనైతే వైరస్ అనుకున్న," అని వెళ్లిపోయాడు.

అప్పుడు ఎటు చూసినా సాఫ్ట్‌వేర్ గోలే. మెహిదీపట్నం బస్సెక్కితే చాలు, సిటీ రాగానే గోడల నిండా కంప్యూటర్ కోర్సుల రాతలు. నేను చేవెళ్లలో డిగ్రీ అప్పుడే ముగించాను. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోర్సు చేస్తానంటే మా బాపు ససేమిరా అన్నాడు. అలిగాను, అన్నం మానేశాను, ఒక పూట గడిచేసరికి ఆకలేసి తినేశాను. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, మా ఊరు ఎంకపల్లి నుంచి షేర్ ఆటోలో మొయినాబాద్, అక్కణ్ణుంచి బస్సులో చేవెళ్ల, సెంటర్‌లో గంటో రెండు గంటలో కూర్చుని, పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలి. బాపు దృష్టిలో అది నా మొండితనానికి మందు. నాకు అదే కాలేజీ అయింది.

ఇక చూడండి నా సంబరం! ఇంటర్నెట్‌లో నేర్పేవాళ్లు ఎంతమంది ఉన్నారో వెతికేకొద్దీ తెలిసింది. మొదట ఒక పాఠాల సైటు దొరికింది. ఎడమ పక్క గడిలో మనం రాస్తే, అది పేజీగా ఎలా కనిపిస్తుందో కుడి పక్క గడిలో చూపించేది. దానికి 'పంతులు' అని పేరు పెట్టాను. వందసార్లు తప్పు రాసినా కసురుకోని పంతులును నేను అంతకుముందు చూడలేదు. తర్వాత దొరికింది 'రంగుల డబ్బా'. వందల రంగులు గళ్లు గళ్లుగా, ప్రతి రంగు కింద దాని కోడ్. ఎక్కాలు బట్టీపట్టినట్టు వాటిని బట్టీపట్టాను. మా అమ్మను నేను అవ్వా అని పిలుస్తాను. ఒకరోజు ఆమె నారింజ రంగు చీర కట్టుకుని, ఎట్లున్నదే అని అడిగింది.

"మంచిగున్నదవ్వా. ఎఫ్ ఎఫ్, తొంభై తొమ్మిది, సున్నా సున్నా."

అవ్వ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఎండల తిరిగి తిరిగి తలకాయ ఖరాబైనట్టున్నది. లోపటికొచ్చి మజ్జిగ తాగు."

కదిలే బొమ్మలు ఊరికే ఇచ్చే సైటు దొరికినప్పుడు నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. గిరగిరా తిరిగే భూగోళం, రెక్కలాడించే సీతాకోకచిలుక, గడ్డపారతో తవ్వుతూనే ఉండే మనిషి. ఏదీ వదల్లేదు, అన్నీ పెట్టేశాను. నా మొదటి పేజీ పెళ్లి బ్యాండు బండిలా ఉండేది. చూస్తే కళ్లు తిరిగేవి. నేనేమో ప్రపంచంలో ఇంత అందమైన పేజీ లేదనుకుని మురిసిపోయేదాన్ని.

నా పొగరు దించింది ఇంకో సైటు. మన పేజీ అక్కడ ఇస్తే, రాతలో తప్పులన్నీ వరసగా ఏరి చూపిస్తుంది. దాని పేరు 'ఆరాల అత్త'. మొదటిరోజే నలభై ఏడు తప్పులు పట్టింది. "నీ మొగం!" అని పైకే తిట్టాను. పక్క కంప్యూటర్ దగ్గరున్నతను తననే అన్నాననుకుని లేచి వేరే సీటుకు మారాడు. కానీ మొండిదాన్ని కదా, రోజుకు నాలుగైదు చొప్పున దిద్దుకుంటూ వచ్చాను. ఒక మధ్యాహ్నం ఆ అత్త 'తప్పులేమీ లేవు' అని ఆకుపచ్చ అక్షరాల్లో చెప్పింది. బస్సులో ఇంటికి వెళ్తున్నంతసేపూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కండక్టర్ రెండుసార్లు తిరిగి చూశాడు.

ఇంకో మాట చెప్పాలి. తెలియనివి అడిగే సైటు ఒకటి ఉండేది. నా వచ్చీరాని ఇంగ్లీషులో, పేజీని రెండు భాగాలు చేయడం ఎలా అని రాశాను. మర్నాడు వెళ్లి చూస్తే ముగ్గురు జవాబిచ్చారు. ముగ్గురివీ మూడు దేశాలు. ఒకాయనైతే నా కోసం మొత్తం రాసి పెట్టాడు. నేనేం ఆయన చుట్టమా, పక్కమా? కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు నేను చేసిన మొదటి పని, నాకు తెలిసిన ఒకే ఒక్క ప్రశ్నను వెతికి దానికి జవాబు రాయడం. అది కూడా తప్పే రాశానని తర్వాత తెలిసింది.

ఇక సెంటర్ అన్న పద్ధతి ఒకటి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆయనకు వైరస్ అంటే ప్రాణభయం. గోడ మీద ఎర్ర రంగుతో 'ఫ్లాపీలు పెట్టరాదు' అని రాయించాడు. ఎవరి ఫైళ్లు వాళ్లు అక్కడి కంప్యూటర్‌లోనే ఫోల్డర్ చేసుకుని దాచుకోవాలి, రోజూ అదే కంప్యూటర్ దగ్గర కూర్చోవాలి. నాది మూడో నంబరు. దానికి స్కానర్ ఉండేది. అన్న పెళ్లి పత్రికలు చేసే తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ కూడా దాంట్లోనే ఉండేది. ఇంకేం కావాలి? మూడో నంబరు నాదే అన్నట్టు ఉండేదాన్ని. ఎవరైనా అందులో కూర్చుంటే వాళ్ల వెనకే నిలబడి గొంతు సవరించేదాన్ని.

అలాంటి రోజుల్లో పేపర్లో ఒక ప్రకటన వచ్చింది. అమీర్‌పేటలో ఒక చిన్న ఆఫీసు, వెబ్ పేజీలు చేసేవాళ్లు కావాలి, కోర్సు సర్టిఫికెట్ అక్కర్లేదు, సొంతంగా చేసిన పేజీ అడ్రసు తెస్తే చాలు. కోర్సు అక్కర్లేదు! ఆ ముక్క నాకోసమే రాసినట్టు అనిపించి, పేపర్ పట్టుకుని పెరట్లోకి, అక్కణ్ణుంచి వాకిట్లోకి పరిగెత్తాను. ఫోన్ చేస్తే శనివారం రమ్మన్నారు.

ఇక్కడే అసలు చిక్కు. బాపు అప్పటికే ఒకచోట మాట ఇచ్చేసి ఉన్నాడు. మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడి నడిపే పెద్దమనిషి ఆయనకు పాత దోస్తు. లెక్కల టీచరుగా మా బిడ్డనే పంపుతానని బాపు చెప్పాడు, ఆయన ఇంకెవరినీ చూసుకోలేదు. సోమవారం బడి తెరుస్తారు. మా బాపు ఒకసారి సర్పంచిగా చేసినవాడు. మాట తప్పడమంటే తన ఓటు తానే అవతలివాడికి వేసుకున్నంత బాధ ఆయనకు.

రెండు రోజులు బతిమాలాను. మూడో రోజు మా చేలో క్యారెట్లు కడిగే తొట్టి దగ్గర బాపు తేల్చి చెప్పాడు.

"శనివారం నేనే తోల్కపోత. నీ పేజీ ఆ సారు కంప్యూటర్ల నా కండ్లకు కనిపిస్తె, నీ ఇష్టమున్నట్టు చెయ్యి, బడి ఆయనకు నేను చెప్పుకుంట. కనిపించకపోతె సోమవారం బడికి పోవాలె. మల్ల ఏడ్సుడు, అలుగుడు ఉండొద్దు."

"కనిపిస్తది బాపూ! ఎందుకు కనిపియ్యది?"

బ్యాండు బండి పేజీని పక్కన పడేసి కొత్తది మొదలుపెట్టాను. మా ఊరి కూరగాయల గురించి. టమాటా మడి, కొత్తిమీర కట్టలు, కాకర పందిరి, తొట్టి పక్కన చేతుల నిండా క్యారెట్లతో తలకు రుమాలు చుట్టుకున్న మా బాపు. ఫోటోలు చేవెళ్ల స్టూడియోలో కడిగించి, సెంటర్‌లో స్కాన్ చేశాను. అప్పట్లో తెలుగు అక్షరాలు ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేవి కావు. అందుకని పెళ్లి పత్రికల సాఫ్ట్‌వేర్‌లో తెలుగు మాటలు కొట్టి, వాటినే బొమ్మలుగా దాచి పేజీలో అతికించాను. ఇంగ్లీషు మాత్రం మామూలు రాత. మొత్తం పదకొండు బొమ్మలు. ఊరికే చోటిచ్చే సైటులోకి ఒక్కొక్కటీ ఎక్కించడానికి పట్టిన సమయం తలుచుకుంటే ఇప్పటికీ మెడ నొప్పి పుడుతుంది. లైను తెగిపోయేది, మళ్లీ మొదటికి. శుక్రవారం అన్నీ ఎక్కాయి. మూడో నంబరులో అడ్రసు కొట్టాను. వచ్చింది! మా ఊరు ఇంటర్నెట్‌లో కనిపిస్తోంది! ఆరాల అత్తకు చూపించాను, ఒక్క తప్పూ లేదంది. అన్న వచ్చి చూసి, "బాపు మస్తున్నడు చెల్లె, మంత్రి లెక్క," అన్నాడు. పేజీని ఎంతమంది చూశారో లెక్కపెట్టే అంకె ఒకటి అడుగున పెట్టాను. సాయంత్రానికి అది బాగానే పెరిగింది. చూసిందంతా నేనే.

శనివారం బాపు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి తొడుక్కున్నాడు. ఆఫీసు మూడో అంతస్తులో రెండు గదులు. సారు కళ్లజోడు పెట్టుకున్న మెత్తని మనిషి, కోస్తా వైపు మాట. బాపుకు కుర్చీ వేయించి, నీళ్లు తెప్పించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడ్రసు కొట్టాడు. నా కాళ్లు కింద ఆనడం లేదు. ఇప్పుడొస్తుంది, ఇదిగో ఇప్పుడొస్తుంది.

వచ్చింది. లేత ఆకుపచ్చ రంగు వచ్చింది, ఇంగ్లీషు రాతలు వచ్చాయి. బొమ్మలు ఉండాల్సిన చోటల్లా ఖాళీ డబ్బాలు, ఒక్కో డబ్బా మూలన చిన్న ఎర్ర ఇంటూ గుర్తు. పదకొండు డబ్బాలు, పదకొండు ఎర్ర గుర్తులు.

"ఫోటోలేవమ్మా?" అన్నాడు సారు.

"నిన్న ఉన్నయి సార్. నా కండ్లతోని చూసిన."

సారు ఇంకోసారి తెరిచాడు. అవే డబ్బాలు. వెనక నుంచి బాపు ముందుకు వంగాడు. ఆయనకు చదవడానికి వచ్చిందల్లా తెలుగే, ఆ పేజీలో ఒక్క తెలుగు అక్షరం లేదు.

"మన తెలుగేడబోయింది బిడ్డా? క్యారెట్లేయి?"

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఫర్వాలేదమ్మా, కొత్తలో ఇలాంటివి మామూలే. సరిచేసుకుని ఇంకో నెలకి రా, చూద్దాం," అని లేవబోయాడు. ఇంకో నెలా! సోమవారానికి నేను బడిలో ఉంటాను. బాపు కూడా కుర్చీలోంచి లేస్తున్నాడు. నాకు ఏడుపు కాదు, కోపం వచ్చింది. ఆ ఎర్ర గుర్తు మీద కోపం. అడక్కుండానే సారు చేతి కింది మౌసు లాక్కున్నాను. ఒక డబ్బా మీద కుడి బటన్ నొక్కి, ఆ బొమ్మ వివరాలు తెరిచాను.

బొమ్మ ఎక్కడుందో అడ్రసు రాసి ఉంది. సైటు పేరు కాదు. సి డ్రైవ్, మై డాక్యుమెంట్స్, దాని లోపల నా ఫోల్డరు.

"ఓరి నాయనో!" అని అరిచాను. పక్క గదిలో పనిచేసుకునేవాళ్లు కూడా వచ్చి తొంగి చూశారు. "దొరికింది సార్! దొరికింది! నేను మూడో నంబరు కంప్యూటర్ అడ్రస్ రాసిన!"

నేను చేసిన ఘనకార్యం ఇది. బొమ్మలన్నీ సైటులోకి ఎక్కించిన మాట నిజమే. కానీ పేజీకి మాత్రం, బొమ్మలు ఈ కంప్యూటర్ లోపలే నా ఫోల్డరులో ఉన్నాయి, అక్కణ్ణుంచి తీసుకో అని రాసి పెట్టాను. ఎన్నడూ మూడో నంబరు దాటి కూర్చోలేదు కదా, అక్కడ తెరిచిన ప్రతిసారీ అవి నిజంగానే ఆ ఫోల్డరులో ఉండేవి. రాత సరిగానే ఉంది కాబట్టి ఆరాల అత్త కూడా ఏమీ అనలేదు. అమీర్‌పేట కంప్యూటర్ పాపం తన లోపల వెతుక్కుని, ఏమీ దొరక్క ఎర్ర గుర్తు పెట్టింది.

బాపుకు అర్థం కాలేదని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. "బాపూ, బొమ్మలు పక్కింట్ల ఉన్నయని రాసిన. మనూర్ల పక్కిల్లు వేరు, ఈడ పక్కిల్లు వేరు గదా!"

"మరి ఇప్పుడెట్ల?"

"పది నిమిషాలు బాపూ. సార్, పది నిమిషాలియ్యుండ్రి, మీ ముంగటనే దిద్దుత."

సారు గడియారం చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కూర్చున్నాడు. ఉచితంగా చోటిచ్చిన ఆ సైటులోకి వెళ్లి, పాస్‌వర్డ్ కొట్టి, నా పేజీ రాతను తెరిచాను. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టాను. పదకొండు చోట్ల ఆ సి డ్రైవ్ అడ్రసు చెరిపి, ఉత్త బొమ్మ పేరు ఉంచాను. సారు ఒక్క మాట సాయం చేయలేదు. బాపు నా కుర్చీ వెనక నిలబడి ఊపిరి తీస్తున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. సేవ్ నొక్కాను. పేజీ మళ్లీ తెరిచాను.

మొదట 'మా ఊరి కూరగాయలు' అని తెలుగు అక్షరాలు దిగాయి. బాపు పైకే చదివాడు. తర్వాత టమాటా మడి. కొత్తిమీర. కాకర పందిరి. చివరి ఫోటో పై నుంచి కిందికి నిదానంగా, కొంచెం కొంచెంగా దిగింది. ముందు రుమాలు, తర్వాత నుదురు, కనుబొమలు, మీసాలు. గది మొత్తం ఆ మీసాల కిందికి ఏమొస్తుందా అని చూస్తోంది. చివరికి చేతుల నిండా క్యారెట్లు వచ్చాయి. పక్క గది వాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు ఎగరాలనిపించింది, ఎగరలేదు, కుర్చీ పట్టుకుని కూర్చున్నాను.

బాపు సారు వైపు తిరిగాడు.

"సారూ, నా బిడ్డ తప్పు చేసిందా?"

"చేసిందండీ. కొత్తవాళ్లు చాలామంది చేసే తప్పే."

"ఆ తప్పెవరు దొరకబట్టిన్రు?"

"తనే."

"దిద్దిందెవరు?"

"అదీ తనే," అని సారు నవ్వాడు.

"ఫోన్ ఒకపారి చేస్కుంట సారూ," అని, ఆయన తలూపేలోపే బాపు బల్ల మీది ఫోను అందుకున్నాడు. చిన్న డైరీ తీసి నంబరు చూసి తిప్పాడు. నేను ఇంటికేమో అనుకున్నాను.

"అన్నా, నేను. మొన్న మా బిడ్డను పంపుత అన్న గదా. పంపుతలేను." అటువైపు నుంచి గట్టిగా ఏదో వినిపించింది. బాపు కళ్లు మూసుకుని విన్నాడు. "నిజమే, నేను మాట తప్పిన. ఎంత తిట్టాలనుకుంటె అంత నన్ను తిట్టు, ఊర్ల అందరికీ చెప్పుకో. బిడ్డనొక్క మాట అనకు. ఆమెకు ఈడ నౌకరి దొరికింది."

ఫోన్ పెట్టేశాడు. సారు నోరు తెరిచి చూస్తున్నాడు.

"నేనింకా ఏమీ చెప్పలేదండీ!"

"తెలుసు సారూ. ఇగ ఈమెకు ఆ బడి లేదు. మీరు గూడ వద్దంటె నా బిడ్డ ఇంట్ల కూసుంటది. జర ఆలోచించి చెప్పుండ్రి."

సారు తెర మీద క్యారెట్లు పట్టుకున్న బాపును చూశాడు, ఎదురుగా నిలబడ్డ బాపును చూశాడు. "సోమవారం తొమ్మిదింటికి రామ్మా," అన్నాడు.

మెట్లు దిగుతూ రెండో అంతస్తు దగ్గర నేను బాపు చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది.

"బాపూ, ఆ సారు వద్దంటె ఏం జేస్తుంటివి?"

"ఏమో బిడ్డా," అన్నాడు బాపు. "ఫోన్ పెట్టేదాక నాకు గది యాదికే రాలె."